మధ్యలో ఉన్నది కూడా కూతురే: తిరుపతిలో ఒక మూడు తరాల కేసు

పదహారేళ్ల అమ్మాయి. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. 2024 జూన్ నుంచి వారానికి రెండు మూడుసార్లు ఉన్నట్టుండి కింద పడిపోతోంది. కళ్ళు గట్టిగా మూసుకుని, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పావుగంట, ఒక్కోసారి అరగంట అలాగే ఉంటుంది. తేరుకున్నాక ఏడుస్తుంది, ఆ తర్వాత నిద్రపోతుంది. ఆగస్టులో తల్లీ అవ్వా కలిసి ఆ అమ్మాయిని నా దగ్గరికి తీసుకొచ్చారు. చేతిలో న్యూరాలజిస్టు రాసిచ్చిన చీటీ ఉంది. ఇది మూర్ఛ కాదు, కుటుంబంతో మాట్లాడండి అని మాత్రమే అందులో రాశారు.

నేను తిరుపతిలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. ఎక్కువగా చూసేది పిల్లల్నీ వాళ్ళ కుటుంబాల్నీ. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఒకటే. జబ్బు పిల్లకు వచ్చింది, పని ఎక్కువగా చేసింది ఆమె తల్లితో. అదీ ఆమెను తల్లిగా కూర్చోబెట్టి కాదు, కూతురుగా కూర్చోబెట్టి. అవ్వకూ మనవరాలికీ మధ్య ప్రేమ అందరికీ కనిపిస్తుంది. తల్లికీ కూతురికీ మధ్య గొడవ కూడా అందరికీ వినిపిస్తుంది. అవ్వకూ తల్లికీ మధ్య ఏముందని అడిగేవాళ్ళు తక్కువ. ఆ ఇంట్లో పాతికేళ్లుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఎవరి పేర్లూ రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను. రాసింది ముగ్గురికీ చదివి వినిపించాను, ముగ్గురూ ఒప్పుకున్నారు. అవ్వ మాత్రం ఒక మాట చెప్పింది: “రాయమ్మా. మా అత్త మాట కూడా రాయి. ఆమెను చెడ్డదాన్ని మాత్రం చెయ్యొద్దు.”

వైద్య పరీక్షలు

నా దగ్గరికి రాకముందే ఈఈజీ, ఎంఆర్ఐ, ఈసీజీ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. తల్లి ఫోన్లో తీసిన వీడియో న్యూరాలజిస్టుకు చాలా ఉపయోగపడింది. మూర్ఛ వచ్చినప్పుడు సాధారణంగా కళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఈ అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి, ఎవరైనా తెరవబోతే రెప్పలు ఇంకా బిగుసుకుంటున్నాయి. మూర్ఛ ఎక్కువగా రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది, ఇది అంతకంటే చాలాసేపు ఉంటోంది. నాలుక కరుచుకోవడం, బట్టల్లో మూత్రం పోవడం లేవు. ఏ ఒక్క లక్షణంతోనూ తేల్చేయకూడదు, అన్నీ కలిపి చూడాలి. అలా చూసి డాక్టరు దీన్ని డిసోసియేటివ్ అటాక్ అన్నారు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇది నటన కాదు. “నాటకాలాడుతోందా మేడం?” అని తండ్రి ఫోన్లో అడిగారు. మనసు మోయలేని ఒత్తిడిని శరీరం ఇలా బయటపెడుతుంది, ఆ సమయంలో పిల్ల చేతిలో ఏమీ ఉండదు, కావాలని తెచ్చుకోదు, కావాలని ఆపుకోలేదు. ఈ మాట అమ్మాయి ఎదురుగానే ముగ్గురికీ చెప్పాను. ఆ అమ్మాయి నా వైపు నేరుగా చూడటం అప్పుడే మొదలైంది.

రక్తహీనత కూడా ఉంది. హిమోగ్లోబిన్ 10.1. అది చూసి తల్లికీ అవ్వకూ కూడా పరీక్ష చేయించమన్నాను. తల్లికి 10.4, అవ్వకు 9.6. ఆడవాళ్లకు 12 ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది, కాబట్టి డాక్టరుకు అందులో ఆశ్చర్యం లేదు. నాకు పనికొచ్చింది వేరే సంగతి. రాత్రి ఎవరు ఎప్పుడు తింటారని అడిగాను. అవ్వ అందరికీ పెట్టాక తింటుంది. తల్లి పేపర్లు దిద్దుకుని, అవ్వ పడుకున్నాక తింటుంది. పాప చదువుకుంటూ సగం తిని కంచం పక్కన పెట్టేస్తుంది. ఒకే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురూ వేర్వేరు సమయాల్లో, మిగిలింది తింటున్నారు. ఐరన్ మాత్రలు డాక్టరు రాశారు, టీ కాఫీలకు గంట దూరంగా వేసుకోమన్నారు. రాత్రి ఎనిమిదింటికి ముగ్గురూ ఒకేసారి కూర్చుని తినాలి, ముందు అవ్వ కంచంలో పెట్టాలి అన్నది నా షరతు. మొదటివారం అవ్వకు అది సిగ్గుగా ఉండిందట.

కుటుంబ చరిత్ర

అవ్వకు 64 ఏళ్ళు. పాకాల వైపు ఒక పల్లె. ఐదో తరగతితో బడి ఆగింది. 1975లో పదిహేనేళ్లకు పెళ్లయింది. అప్పటి చట్టంలో ఆడపిల్ల పెళ్లి వయసు పదిహేనే, పద్దెనిమిదికి పెంచింది 1978లో. ఇద్దరు పిల్లలు: 1981లో కూతురు, మూడేళ్ల తర్వాత కొడుకు. రెండెకరాల తోతాపురి తోట, నాలుగు ఆవులు. భర్త 2024 మార్చిలో చనిపోయారు. కొడుకు బెంగళూరులో ఉంటాడు, తోట కౌలుకిచ్చాడు. మే నెలలో కూతురు అవ్వను తిరుపతికి తెచ్చుకుంది. జూన్‌లో పాప పడిపోవడం మొదలైంది.

తల్లి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్. భర్త శ్రీపెరంబుదూరులో ఒక కంపెనీలో పని, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్తారు. ఈ కేసులో ఆయన పాత్ర చిన్నది, కానీ మంచిది. చెప్పింది విన్నారు, అడ్డం రాలేదు.

పాప 2008 జనవరిలో పుట్టింది. అప్పుడు తల్లి ఉద్యోగం రామకుప్పం మండలంలో. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో ప్రసూతి సెలవు 120 రోజులే, 180 రోజులు చేసింది 2010లో. నాలుగు నెలల బిడ్డను అవ్వ దగ్గర వదిలి టీచరమ్మ డ్యూటీలో చేరింది. శనివారం బడి అయ్యాక బస్సెక్కి పలమనేరు, చిత్తూరు మీదుగా ఊరు చేరేసరికి బిడ్డ నిద్రపోయి ఉండేది. సోమవారం బిడ్డ లేవకముందే మళ్ళీ బయలుదేరాలి. “క్లాసులో పాలు కారి జాకెట్ తడిసిపోయేది మేడం. బాత్రూంలోకి పోయి గోడకు పిండేసి వచ్చేదాన్ని. ఆ వాసన ఇప్పటికీ వస్తుంది నాకు” అని చెప్పింది. ఇది నాకు ఆమె రెండోసారి వచ్చినప్పుడు చెప్పిన మాట. కూతురికి అప్పటిదాకా తెలియదు.

పాప అవ్వను అమ్మా అనేది. తల్లిని “కుప్పం అమ్మ” అనేది.

2016 వేసవిలో బదిలీల్లో తల్లికి చంద్రగిరి వైపు బడి దొరికింది. ఎనిమిదేళ్ల పిల్లను తిరుపతికి తెచ్చుకుంది. “జూ చూపిస్తామని తీసుకొచ్చారు. పులిని చూసినాం, ఐస్‌క్రీమ్ కొనిచ్చినారు. సాయంత్రం ఊరికి పోలేదు. కొత్త ఇంట్లో నా బట్టలు ఉండాయి.” ఎనిమిదేళ్లు గడిచినా పాప దీన్ని నిన్న జరిగినట్టు చెప్పింది. తల్లి తనను మోసం చేసి అవ్వ దగ్గర నుంచి లాక్కొచ్చిందని ఆమె నమ్మకం. తల్లి ఏ మాట చెప్పినా ఆ నమ్మకం మీద పడి చెడిపోతోంది.

ఇంట్లో ఏం జరుగుతోంది

మా పనిలో మూడు తరాల పటం ఒకటి గీస్తాం, జీనోగ్రామ్ అంటారు. ఎవరు ఎవరికి దగ్గర, ఎవరికి దూరం, ఎవరు ఎప్పుడు పోయారు అన్నీ గీతల్లో ఉంటాయి. ఆ పటంతోపాటు తల్లి చేత ఒక నోట్‌బుక్ పెట్టించాను. పాప పడిపోయిన ప్రతిసారీ సమయం, ఇంట్లో ఎవరున్నారు, దానికి ముందు అరగంటలో ఏం మాట్లాడుకున్నారు అని రాయాలి. టీచరు కాబట్టి చక్కగా రాసింది.

నోట్‌బుక్ చూస్తే తండ్రి ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక్కసారి కూడా పడిపోలేదు. కాలేజీలో దాదాపు లేదు. ఎక్కువగా సాయంత్రం ఏడుకూ తొమ్మిదికీ మధ్య. ముందు మాట్లాడుకున్నవి చిన్న విషయాలే: నీట్ కోచింగ్, ఫోన్, సంగటి ముద్ద. “పిల్లను చంపేస్తావుండావు, వదిలెయ్ మే” అని అవ్వ. “నన్నెప్పుడన్నా ఇట్లా వదిలినావా?” అని తల్లి. ఈ రెండో వాక్యం వేర్వేరు మాటల్లో ఆ నోట్‌బుక్‌లో చాలా చోట్ల ఉంది. తల్లి తనే రాసింది, రాస్తున్నప్పుడు తనకే తెలియలేదు.

ఆ మాట వచ్చాక పాప పడిపోతుంది. అవ్వ ఒక పక్క, తల్లి ఒక పక్క పట్టుకుంటారు. గొడవ ఆగిపోతుంది.

ముర్రే బోవెన్ అనే అమెరికన్ మనోవైద్యుడు దీన్ని త్రికోణం అన్నాడు. ఇద్దరి మధ్య టెన్షన్ భరించలేనంత పెరిగితే మూడో మనిషిని లోపలికి లాగుతారు, అప్పుడు ఆ ఇద్దరికీ కాస్త ఊపిరి అందుతుంది. లాగబడేది చాలాసార్లు ఇంట్లో చిన్నవాళ్ళు. ఇది ఎవరూ కావాలని చేసేది కాదు. పాపకు ఇద్దరూ అమ్మలే. ఒకరి వైపు నిలబడితే ఇంకొకరికి ద్రోహం. ఎటూ నిలబడలేని పిల్ల నిజంగానే నిలబడలేకపోయింది అని నేను ఆ రోజు నా నోట్స్‌లో రాసుకున్నాను.

మొదట చేసింది చాలా మామూలు పని. పడిపోయినప్పుడు ఏం చేయాలో ముగ్గురితో ఒప్పందం రాయించాను. చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టొద్దు, ఉల్లిపాయ వాసన చూపొద్దు, మొహం మీద నీళ్లు కొట్టొద్దు. దగ్గర్లో దెబ్బ తగిలే వస్తువులు తీసేసి ఒక్కరే పక్కన కూర్చోవాలి, పట్టుకోకూడదు, “నేనిక్కడే ఉన్నాను, కాసేపట్లో తగ్గుతుంది” అని మెల్లగా చెప్పాలి, చాలు. ఆ ఒక్కరు ఒకసారి అవ్వ అయితే ఇంకోసారి తల్లి. అవ్వ కట్టించిన తాయెత్తు తీయించలేదు. అది ఆమె తన భయాన్ని పెట్టుకున్న చోటు, పాపకు దానివల్ల నష్టం లేదు.

పాపకు విడిగా కొన్ని నేర్పాను: తల తిరగడం మొదలైనట్టు అనిపించగానే పాదాలు నేలకు గట్టిగా ఆనించడం, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం, ఊపిరి వదలడం తీసుకోవడం కంటే పొడవుగా చేయడం. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగాను, లేదంది. ఈ ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. ఇంకో నియమం: పెద్దవాళ్ళిద్దరి గొంతులు లేస్తే పాప మిద్దె మీదికి వెళ్లిపోవాలి. “మీరు మాట్లాడుకోండి” అని చెప్పి మరీ వెళ్లాలి. ఆ మాట చెప్పడం తనకు ఎంత కష్టమో పాప నాతో చెప్పుకుని ఏడ్చింది.

కూతురుగా తల్లి

అక్టోబరు నుంచి అవ్వనూ తల్లినీ మాత్రమే పిలిచాను. పాప లేదు. మొదటి రెండు మూడు సార్లూ వాళ్ళు పాప గురించే మాట్లాడారు. ప్రతిసారీ ఆపి, “పాప సంగతి వద్దు. మీరిద్దరూ తల్లీకూతుళ్లు కదా, ఆ సంగతి చెప్పండి” అనేదాన్ని. ఇద్దరూ గోడ వైపు చూసేవాళ్ళు.

1998. తల్లికి ఇంటర్ బైపీసీలో వెయ్యికి తొమ్మిది వందలకు పైగా వచ్చాయి. ఎంసెట్‌లో మెడిసిన్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపితే వస్తుందని లెక్చరర్ ఇంటికొచ్చి చెప్పాడు. ఫీజు లేదు. ఇంట్లో కాసులపేరు ఉంది. అది తాకట్టు పెట్టమని పిల్ల ఏడ్చింది. ఎవరూ పలకలేదు. కార్వేటినగరం డైట్‌లో టీచర్ ట్రైనింగ్‌కు పంపారు. కొన్నేళ్లకు తమ్ముడి ఇంజనీరింగ్ సీటుకు ఆ కాసులపేరే బ్యాంకుకు పోయింది.

“టీచరు ఉద్యోగం నాకు ఇష్టమే. పిల్లలంటే ప్రాణం. కానీ ఆ కాసులపేరు నాకెందుకు బయటికి రాలేదు, వాడికెట్లా వచ్చింది? నేనొక్కసారి కూడా అడగలేదు మేడం. అడిగితే ఏం చెప్తుందో అని భయం.”

“ఇప్పుడు అడగండి” అన్నాను.

అడిగింది. అవ్వ చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత చెప్పింది: “అప్పుడు మా అత్త ఉన్నింది. పెట్టె తాళం ఆమె నడుముకు ఉన్నింది. నా పెండ్లినాడు మా అమ్మ పెట్టిన కాసులపేరు అది, పెట్టెలోకి పోయినాక నాది కాకుండా పోయింది. మనవడి చదువని ఆమే తీసి ఇచ్చింది.” కాసేపాగి మళ్ళీ అంది: “నేను కూడా అడగలేదు మే. ఒక్కమాటు కాళ్ళు పట్టుకుని అడిగింటే ఇచ్చి ఉండునేమో. నోరు రాలేదు నాకు. నీ మొగం చూసేదానికి భయపడి ఆవుల కాడికి పోయి కూసున్నాను.”

ఈ మాటలో నన్ను కదిలించింది రెండో సగం. అత్త మీద నేరం వేసి తప్పుకునే వీలుంది, ఆమె తప్పుకోలేదు. అందుకే కూతురు నమ్మింది. తల్లులు పిల్లలకు ఇచ్చే వివరణల్లో “నా చేతిలో లేదు” అన్నది తరచూ వింటాను, అది నిజమే కావచ్చు, దానితో గాయం మానదు. నా చేతిలో ఉన్న కొంచెం కూడా నేను చేయలేదు అని ఒక తల్లి చెప్పగలగడం చాలా అరుదు.

ఇంకా ఒకటి బయటపడింది. మనవరాలిని నాలుగు నెలలప్పుడు ఎందుకు తీసుకున్నావు అంటే, “దాని ఉద్యోగం పోకూడదని. ఒకసారి దాని చదువు ఆపిన పాపం నాది. ఈసారి ఆపకూడదనుకున్నాను” అంది అవ్వ. పదహారేళ్లలో కూతురు ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదు. తన బిడ్డను తన నుంచి తీసేసుకుంది అనుకుంది. ఆ ఎనిమిదేళ్ల పెంపకం అవ్వ తన కూతురికి తీర్చిన బాకీ. కూతురికి మాత్రం అది ఇంకొక నష్టంగా లెక్కలో పడింది. హంగేరీలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఇవాన్ బోసోర్మెని-నాజ్ అనే మనోవైద్యుడు ప్రతి కుటుంబంలోనూ కంటికి కనబడని ఒక ఖాతా ఉంటుందన్నాడు. ఒక తరం బాకీ ఆ తరంలో తీరకపోతే తర్వాతి తరం చేత కట్టించుకుంటారని. ఈ ఇంట్లో నీట్ కోచింగ్ ఎందుకంత పెద్ద గొడవ అయిందో నాకు అక్కడ అర్థమైంది. పాప మెడిసిన్ చదివితే 1998 తీరుతుంది అని తల్లి. పాప మీద ఒత్తిడి లేకపోతే 1998 తీరుతుంది అని అవ్వ. పాపకు 1998 సంగతే తెలియదు.

ఊరి ఆస్తి

దీని మీద ఇంకో పొర ఉంది. 2013లో తల్లి తన తమ్ముడి పేరున తోటలో తన హక్కు వదులుకుంటూ విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టింది. “వాని కడుపు కొట్టొద్దు, పుట్టింటికి రాకపోకలు ఉండాల కదా” అని అవ్వే పెట్టించింది. ఆమెకు చట్టప్రకారం వాటా ఉందని ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు 1986 చట్టంతోనే వచ్చింది. దేశమంతా కూతుళ్లందరికీ 2005లో వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలన్న పట్టింపు లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

“గంగజాతరకు కొండమీది నుంచి గంగమ్మకు సారె వస్తుంది. అన్న చెల్లెలికి పంపినట్టు. ప్రతి మే నెలా రోడ్డు మీద నిలబడి చూస్తాను. సంతకం పెట్టినాక నాకు మా ఇంటి నుంచి ఒక రవికగుడ్డ రాలేదు” అంది తల్లి. సంతకం పెట్టింది రాకపోకల కోసం, సంతకం తర్వాత ఆగిపోయింది రాకపోకలే. ఇప్పుడు అవ్వను చూసుకునే బాధ్యత కూడా తనదే అయింది. ఆమె కోపం న్యాయమైనదే అని నేను అవ్వ ఎదురుగానే చెప్పాను. కౌన్సెలర్ ఎవరి పక్షమూ వహించకూడదంటారు. అన్యాయం జరిగిన చోట దాన్ని అన్యాయమని చెప్పకుండా ఇద్దరినీ సర్దుకుపొమ్మనడం కూడా ఒక పక్షమే అని నా అభిప్రాయం.

చట్టం సంగతి లాయరును అడగమన్నాను. రిజిస్టరైన విడుదల దస్తావేజును మోసమో బలవంతమో రుజువైతే తప్ప రద్దు చేయించడం కష్టమని, దానికీ మూడేళ్ల గడువుంటుందని ఆయన చెప్పారు. తోట తిరిగి రాదు. కానీ ఊళ్ళో ఇల్లు తాత సొంత సంపాదన, వీలునామా లేదు. అందులో భార్యకూ కొడుక్కూ కూతురికీ తలా ఒక వాటా. అవ్వకు తన పేరున వాటా ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది. “నాకా?” అని రెండుసార్లు అడిగిందట. ఆ వాటాను కూతురి పేరున వెంటనే రాసేస్తానంది. నేను తొందరపడొద్దన్నాను. కూతురు కూడా వద్దంది: “బతికినన్నాళ్లు నీ పేరు మీదే ఉండనీమా.” ఇచ్చేయడం తప్ప ఇంకోటి తెలియని మనిషికి, ఒకటి తన దగ్గర ఉంచుకోవడం నేర్పాల్సి వచ్చింది.

పితికిపప్పు

డిసెంబరు నుంచి ముగ్గురికీ కలిపి ఒక పని ఇచ్చాను. వారానికి ఒక సాయంత్రం చేతులతో ఏదో ఒకటి కలిసి చేయాలి, చదువు మాట రాకూడదు. ఏం చేయాలో అవ్వనే ఎంచుకోమన్నాను. అనపగింజల కాలం. రాత్రి నానబెట్టి, మర్నాడు ఒక్కో గింజా వేళ్ల మధ్య పట్టి నొక్కితే పప్పు జారి వస్తుంది, తోలు వేలికి మిగులుతుంది. చిత్తూరు వైపు ఇళ్లల్లో చలికాలమంతా ఈ పని ఉంటుంది. గంటసేపు పితికితే ఒక పూట కూరకు వస్తుంది. ఇంతకంటే మంచి థెరపీ గది నాకు తెలియదు. అందరి చూపూ గిన్నెలో ఉంటుంది, ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు, మాట ఆగిపోయినా చేతులు ఆగవు కాబట్టి మౌనం బరువు అనిపించదు. నేరుగా కూర్చోబెడితే రాని మాటలు అక్కడ వచ్చాయి.

సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం పాప జూ సంగతి ఎత్తింది. “నన్ను అబద్ధం చెప్పి తెచ్చినావు కదా” అని తల్లిని అడిగింది. తల్లి ఏమీ అనలేదు. అవ్వ గిన్నెలోంచి చెయ్యి తీయకుండా, “జూ అని చెప్పింది నేను. మీ అమ్మ నిజం చెప్పి తీసుకుపోతానంటే నేనే వద్దన్నాను. నువ్వు ఏడిస్తే నేను పంపలేనని” అంది. ఎనిమిదేళ్లు తల్లి ఆ నింద మోసింది, అవ్వను తప్పుబట్టించడం ఇష్టం లేక. తర్వాత వచ్చినప్పుడు పాప నాతో, “అమ్మ ఎందుకు చెప్పలేదు మేడం?” అని అడిగింది. “మీ అమ్మనే అడుగు” అన్నాను. అడిగింది. “నీకు అవ్వన్నా మిగలాలి కదా” అని తల్లి చెప్పిందట. ఈ జవాబు నా నోట్స్‌లో అలాగే రాసిపెట్టుకున్నాను.

పాల సంగతి, 1998 సంగతి కూడా పాపకు ఆ రోజుల్లోనే చెప్పారు, తల్లి తన నోటితో. చెప్పమని నేను అడగలేదు. పిల్లల మీద పెద్దవాళ్ల బరువు వేయకూడదన్న జాగ్రత్త నాకు ఉంది. కానీ ఆ బరువు అప్పటికే పాప మీద ఉంది. దాని పేరు తెలియడంతో అది తేలికైంది.

ఒక చిన్న ముచ్చట కూడా రాస్తాను, ఈ కేసులో నాకు బాగా నచ్చింది ఇదే. జువాలజీలో పునరుత్పత్తి పాఠం చదువుతూ పాప ఇద్దరికీ వివరించింది: ఆడశిశువు కడుపులో ఐదు నెలలప్పుడే అండాశయాల్లో అరవై డెబ్బై లక్షల అండకణాలు తయారవుతాయి, పుట్టేనాటికి పది ఇరవై లక్షలు మిగులుతాయి, ఆ తర్వాత కొత్తవి పుట్టవు. అంటే తాను పుట్టిన అండకణం 1981లో అమ్మ పుట్టకముందు, అమ్మ అవ్వ కడుపులో ఉన్నప్పుడే తయారైంది. అవ్వ లెక్క వేసుకుని, “అయితే నిన్ను నేను రెండుమాట్లు మోసినాను” అందట. పాప, “ఫస్ట్ టైం అమ్మ కూడా మోసింది, ఇద్దరూ కలిసి మోసినారు” అంది. ఆ వాక్యంలో తల్లి పాపకు మొదటిసారి అవ్వతో సమానంగా నిలబడింది. నాలుగు నెలలు నేను చేయాలని చూస్తున్న పని అది.

ఇప్పటి పరిస్థితి

నవంబరు నాటికి పడిపోవడం రెండు వారాలకు ఒకసారి అయింది. జనవరిలో ఒకసారి. ఫిబ్రవరి చివర్లో, ఇంటర్ పరీక్షలకు ముందు, ఒకటి వచ్చింది, మూడు నాలుగు నిమిషాల్లో తనే తేరుకుంది. ఆ తర్వాత ఇది రాసే నాటికి మళ్ళీ రాలేదు. హిమోగ్లోబిన్ ముగ్గురికీ పెరిగింది, అవ్వకు తక్కువగా పెరిగింది, మందు కొనసాగుతోంది.

చదువు విషయంలో గొడవ పూర్తిగా పోలేదు. పాపకు బీఎస్సీ అగ్రికల్చర్ మీద మనసు. తిరుపతిలోనే ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది. అవ్వ తోటలో పెరిగిన పిల్ల, మామిడి కాయ తోలు మీద మచ్చ చూసి ఏ తెగులో చెప్పగలదు. తల్లికి అది వెనక్కి పోవడంలా ఉంది: తాను పల్లె నుంచి బయటపడటానికి పడ్డ పాట్లన్నీ వృథా అవుతాయన్న బాధ. ఆ బాధ గురించి ఆమెతో ఇంకా మాట్లాడుతున్నాను. పాప మెడిసిన్‌కు నీట్, అగ్రికల్చర్‌కు ఈఏపీసెట్ రెండూ రాసింది. రెండూ రాయడం తల్లీకూతుళ్లు ఇద్దరూ కూర్చుని చేసుకున్న ఒప్పందం. అవ్వ అందులో నోరు పెట్టలేదు, అది ఆమెకు చాలా కష్టమైన పని.

మామిడి కోత రోజులకు అవ్వ ఊరికి వెళ్లింది. తోట కౌలుదారుడి చేతిలో ఉంది, ఇంటి తాళం మాత్రం ఆమె దగ్గర ఉంది. మూడు నెలలు ఊళ్ళో, మిగతా కాలం తిరుపతిలో అని ముగ్గురూ అనుకున్నారు. తమ్ముడు అక్కతో మాట్లాడటం లేదు. అతన్ని ఒకసారి పిలిపించాను, రాలేదు. అది తెరుచుకోకుండానే మిగిలింది.

పాప కొత్త కాలేజీలో చేరాక మూడు నెలలకు ఇంకోసారి కలవాలని రాసుకున్నాం. హాస్టల్లో ఉంటే, పడిపోయినప్పుడు ఏం చేయాలో రాసుకున్న ఒప్పందం కాగితం వార్డెన్‌కు, ఒక స్నేహితురాలికి ముందే ఇవ్వాలి. వారంలో రెండుసార్లకు మించి వస్తే నన్ను కలవాలి. తలకు దెబ్బ తగిలినా, నాలుక కరుచుకున్నా, తేరుకున్నాక మనిషి అయోమయంగా ఉన్నా ముందు న్యూరాలజిస్టు దగ్గరికే వెళ్లాలి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు పాప ఫోన్‌లోనే కాదు, తల్లి ఫోన్‌లోనూ అవ్వ చిన్న ఫోన్‌లోనూ ఎక్కించాను.